ముక్కు కింద మనిషి

రాజ్యం పోయినా ముక్కు మిగలాలని కాబోలు, మధ్య ఇండియాలో ఎక్కడో ఒక మాజీ రాజుగారు తన తాత ముఖాన్ని ఏకంగా ఒక కొండ మీద చెక్కించడం మొదలుపెట్టారు. 1958లో ఆ పనికి కలకత్తా ఖిదిర్‌పూర్ నుంచి మా పక్కింటి జయరాజు వెళ్లాడు. రేవులో ఓడల పక్కన తాళ్లకు వేలాడుతూ తుప్పు గీకి రంగులు వేసేవాడు. ఓడకు వేలాడేవాడు కొండకు వేలాడలేడా అని ఒక మేస్త్రీ తీసుకుపోయాడు.

ఏడాదైనా ఉత్తరం లేదు. అతనికి రాయడం రాదని అందరికీ తెలుసు. అయినా మా తెలుగు క్రైస్తవ సంఘంలో రోజమ్మ, జయరాజు ఖరగ్‌పూర్‌లో ఇంకొకామెతో కాపురం పెట్టాడని తేల్చేసింది. ఓడకు వేలాడే తాడు తెగి మొగుడు పోయిన మనిషి, పరాయి మొగుళ్ల లెక్కలన్నీ ఆవిడకే కావాలి. చూసినవాళ్లెవరంటే, "నిప్పు లేందే పొగొస్తాదేటి?" అనేది. పొయ్యి ఆవిడ నోట్లోనే ఉందని అనే ధైర్యం మాకెవరికీ లేదు. చివరికి సంఘ పెద్ద సత్యానందం, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక జయరాజు పేరు సంఘం పుస్తకంలోంచి కొట్టేస్తామని ప్రకటించాడు. భార్య జెరూషా సిగ్గుతో కొళాయి దగ్గరికి కూడా రావడం మానేసింది.

ఆ గురువారం పోస్టులో ఒక ఫోటో వచ్చింది. కొండంత ముఖం, సగమే అయింది. ఒక కన్ను, ఒక ముక్కు, చుట్టూ వెదురు పరంజాలు. అడుగున శిల్పిగారి సంతకం, ఇంగ్లీషులో, పెద్దగా. ముక్కు కింద తాడుకు వేలాడుతూ ఈగంత మనిషి. ఆ మనిషి వైపు నీలి సిరాతో బాణం గుర్తు. రాయడం రానివాడు పెళ్లానికి రాసిన ఉత్తరం అది.

జెరూషా ఏడ్చింది, నవ్వింది, నన్ను వెంటబెట్టుకుని సత్యానందం ఇంటికి పరుగెత్తింది.

"ఇదిగో బాబూ, మా ఆయన. కొండ మీదున్నాడు. ఆదివారం అందరికీ మీరే సూపించండి."

ఆయన బాణాన్ని చూడలేదు, సంతకాన్ని చూశాడు. పోర్టు ఆఫీసులో ముప్పయ్యేళ్లు గుమాస్తాగా చేసినవాడికి సంతకం ఉన్నచోట మనిషి కనిపించడు.

"ఓహో, గొప్పోడి దస్కత్తే! ఇక్కడుంచు. మర్యాదగా సూపించాల" అన్నాడు.

ఆయన మర్యాద సంగతి చెప్పాలి. ఆయనింట్లో ఫోటోలన్నీ స్టూడియోలో రంగులద్దించినవే. వాళ్లమ్మ బతికినన్నాళ్లూ నల్లంచు తెల్లచీరలోనే బతికింది. గోడ మీద మాత్రం గులాబీ బుగ్గలతో, ఆకుపచ్చ పట్టుచీరలో ఉంటుంది.

ఆదివారం గుడిలో సత్యానందం ఆ ఫోటో మీది తువ్వాలు తీశాడు. రాజుగారి తాతకు రెండో కన్ను వచ్చింది. మీసం వచ్చింది. బుగ్గలు గులాబీ రంగు. పరంజాలు లేవు, తాళ్లు లేవు, బాణం లేదు. ముక్కు కింద నున్నగా ఉంది. సంతకాన్ని మాత్రం బంగారు రంగుతో దిద్దించాడు.

"సగం పని బొమ్మ గుడిలో బాగోదని స్టూడియో బెంగాలీ దాదా సేత పూర్తి సేయించినాను. సిరా మరకలు, మచ్చలు అన్నీ తీయించీసినాను" అన్నాడు, మేమేదో చప్పట్లు కొడతామన్నట్టు.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి విన్నాను. చేతికొచ్చిన మనిషిని పారేసి కొండను మోసుకొచ్చిన మహానుభావుణ్ణి అప్పుడే చూశాను.

"ఏడే మీ ఆయన?" ముందు వరసలోంచి రోజమ్మ అడిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. బల్ల మీద సంఘం పుస్తకం తెరిచే ఉంది. పక్కన కలం, సిరాబుడ్డి.

జెరూషా లేచింది.

"మీరు తీయించీసిన మచ్చే బాబూ, నా మొగుడు."

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి, పేరు కొట్టేయడానికి పెట్టిన కలాన్నే సిరాలో ముంచి, ముక్కు కింద ఒక చుక్క పెట్టింది.

"బొమ్మ పాడైపోనాది!" అని సత్యానందం అరిచాడు.

"పాడు సేసింది మీరు. నాను మనిషిని ఎక్కడోణ్ణి అక్కడెట్టినాను."

రోజమ్మ కళ్లజోడు సర్దుకుని దగ్గరికొచ్చింది. ఆ చుక్క పైన వేలితో తడిమింది.

"ఒలే, తాడేదే?" అంది. "తాడు లేకపోతే పడిపోడేటి?"

జెరూషా కలం మళ్లీ ముంచింది. చుక్క దగ్గర్నుంచి, గులాబీ బుగ్గ మీదుగా, కొత్త కంటి మీదుగా, రాజుగారి తాత నెత్తి దాకా ఒక గీత గీసింది.

"ఇంకా లావుగా గియ్యి" అంది రోజమ్మ.