ఏడ్వని పిల్ల

గని క్వార్టర్ల లైనులో సత్తవ్వ తొమ్మిది రోజులుగా ఒకటే మాట చెప్పుకుంటూ తిరుగుతోంది. "మా మనుమరాలు బంగారం. ఏడ్వనే ఏడ్వది. ఏడ్సినా పిట్ట కూసినట్టే."

పసిదాని గోళ్లు మొహం గీరుతాయని తన పాత చీర చింపి, రెండు చిన్న సంచులు కుట్టి చేతులకు తొడిగింది. పిల్ల ఆ చేతిని నోటిదాకా తెచ్చుకుంటే లాగి కిందికి పెట్టేది.

బాలింత కూతురు శ్యామల అడగనే అడిగింది. "అవ్వా, తల అటూ ఇటూ తిప్పుతుంది. నోరు తెరుస్తుంది. పాలియ్యన్నా?"

"జరసేపటి కిందనే ఇస్తివి గదనే. ఊకూకె ఇస్తె కక్కుతది. ఏడ్వనియ్యి. అడగందే అమ్మైనా పెట్టదంటరు!"

తొమ్మిదో నాడు పొద్దున ఆశ వర్కర్ మహేశ్వరి వచ్చింది. పిల్లను గుడ్డలో వేసి తక్కెడకు తగిలించింది. ముల్లు చూసింది, మళ్లీ చూసింది. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు. ఇప్పుడు రెండున్నర.

"ఏం శ్యామలా, పాలిస్తున్నవా, ఫోన్ చూసుకుంట కూసున్నవా? రోజుకు ఎన్నిసార్లు ఒంటికి పోస్తుంది?"

"మూడుసార్లు. నాకు తెల్వలేదక్కా," అంది శ్యామల తల దించుకుని. తల్లి వైపు చూడనైనా చూడలేదు.

పిల్ల చెయ్యి నోటిదాకా పోతుంటే సత్తవ్వ లాగి కిందికి పెట్టింది.

మహేశ్వరి చేతులకున్న సంచులు ఊడదీసింది. పిల్ల పిడికిలి తిన్నగా నోట్లోకి పోయింది.

"చూసినవా? గిదే అడుగుడు. నాలుక బయట పెడుతది, తల తిప్పి ఎతుకుతది, చెయ్యి చీకుతది. ఏడ్సుడు అన్నిటికంటె ఆఖరు. అలిసిపోతె గది గూడ చెయ్యది, పండుకుంటది. మనం మంచి పిల్ల అనుకుంటం. ముందు పట్టియ్యి. తాగంగనే దవాఖానకు పోదాం. ఉంచుకుంటరో, పంపుతరో డాక్టర్ చెప్తడు."

మంచి పిల్ల. నలభై ఏళ్ల కిందట సత్తవ్వ తొలిచూలు బిడ్డ కూడా ఏడ్వలేదు. పద్దెనిమిదో రోజు ఒళ్లోనే చల్లబడింది. మంచి పిల్ల, అందుకే దేవుడు తీసుకపోయిండు అన్నారు ఇరుగుపొరుగు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ఇన్నేళ్లు ఓర్చుకుంది. ఇప్పుడు ఆ మాట కూడా లేకుండా పోయింది.

శ్యామల పిల్లను రొమ్ముకు పట్టించుకుంది. మహేశ్వరి డాక్టరుకు చీటీ రాస్తోంది. సత్తవ్వ బడి మొహం చూడలేదు. బస్సుల బోర్డులు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చింది. వంగి ఒక్కొక్క అక్షరం చదివింది. 'తల్లి పాలు సరిగా ఇవ్వడం లేదు.'

"గది కొట్టెయ్యి బిడ్డా," అంది.

"ఏది?"

"తల్లి గాదు. తల్లి ఇయ్యన్నా అని అడిగింది, నేనే వద్దన్న. గా సంచులు నేనే తొడిగిన."

"అవ్వా, ఊకో," అంది శ్యామల.

"నువ్వు ఊకో. డాక్టర్ తిడితె నన్ను తిట్టాలె." కన్నీళ్లు చీటీ మీద పడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. "అమ్మమ్మ ఇయ్యనియ్యలే అని రాయి. పేరు గూడ రాయి. సత్తవ్వ. త కింద త వత్తుంటది, మరువకు."