బాబాయి చేతిలో కత్తెర

మా నాటకంలో రాజ్యాంగంలోని ఒక్కో హక్కుకీ ఒక్కో మనిషి. టికెట్టు లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మా బాబాయిది సమానత్వం వేషం. లైబ్రరీ హాల్లో తెర పక్కన స్టూలు మీద కూర్చుని, మర్చిపోయినవాళ్లకి మాటలు అందించడం నా పని.

బాబాయికి సెలూన్ ఉంది. సాయంత్రం గిరాకీ వదులుకోలేడు కనక రిహార్సల్స్ అక్కడే చేశాం. ఎవరి జుట్టో కత్తిరిస్తూ తన మూడు పేజీలూ గడగడా చెప్పేసేవాడు. నిన్న మొదటిసారి హాల్లో రిహార్సల్‌కి ఖాళీ చేతులతో నిలబడేసరికి నోరు పెగల్లేదు.

"ఇవాళ జనం ముందూ ఇంతే అయితే ఈ వేషం లాయరుగారి గుమస్తాకి ఇచ్చేస్తాను. ఏమనుకోకు, ఇంకా ఆరు వీధుల్లో ఆడాలి" అన్నారు నాటకం ఆడిస్తున్న రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు గారు.

"షాపులో రేడియో, బయటికొస్తే బొమ్మ" అంది పిన్ని.

బాబాయి నాతో మాత్రం మెల్లగా అన్నాడు. "ముప్పై ఏళ్లుగా అందరి కబుర్లూ వింటున్నానే అమ్మాయ్. ఒక్కసారి నా మాట పదిమందీ వింటే బాగుండు."

తెర లేచింది. బాబాయి వంతు వచ్చింది. "చట్టం ముందు..." అని ఆగిపోయాడు. నేను అందించాను. మళ్లీ అందించాను. వినిపించుకోలేదు. అతని బొటనవేలూ మధ్యవేలూ మాత్రం గాలిలో కలుస్తూ విడిపోతూ ఉన్నాయి.

షాపు నుంచి సరాసరి వచ్చాడు కదా, అతని పనిముట్ల సంచీ నా కాళ్ల దగ్గరే ఉంది. నా స్టూలు తీసుకెళ్లి వేదిక మధ్యలో వేశాను. కత్తెర, దువ్వెన అతని చేతిలో పెట్టి, గుడ్డ భుజాన వేసి వచ్చేశాను.

బాబాయి కత్తెర రెండుసార్లు ఆడించాడు. గుడ్డ దులిపాడు. అలవాటుగా హాలు వైపు తిరిగి, "తర్వాత ఎవరండీ?" అన్నాడు.

ముందు వరసలో ముఖ్య అతిథి, మున్సిపల్ ఆఫీసరు గారు లేచారు. ఎక్కడైనా మొదటి పిలుపు ఆయనకే.

"ముందొచ్చింది నేను బాబూ, తలుపులు తీసిందే నేను!" వెనక నుంచి హాలు ఊడ్చే తాత.

"అవును కదూ! రా తాతా. సార్, మీరు కూర్చోండి, మీ వంతు రాగానే పిలుస్తాను."

షాపులో రోజూ అనే మాటే. హాలంతా ఘొల్లుమంది. ఆఫీసరు గారు ఒక్క క్షణం అలాగే నిలబడి, తనూ నవ్వేసి కూర్చున్నారు.

ఇక కత్తెర ఆడింది, మాట ఆడింది. "చట్టం ముందు అందరూ సమానులే... తల దించు తాతా... పుట్టుకను బట్టి ఎవరూ ఎక్కువ కాదు, కదలకు, చెవి తెగుతుంది..."

పోస్ట్‌మాస్టరు గారు కాగితాలు తిరగేస్తూ, "చెవి ఏ పేజీలో ఉందమ్మా?" అని నన్నడిగారు.

నాటకం అయిపోయినా తాత దిగలేదు. "సగం తలతో వీధిలోకి ఎలా వెళ్లను?" అని కూర్చున్నాడు. అతని వెనక వరస కట్టారు జనం. ఆఫీసరు గారు నాలుగోవారు.

"రేపు కూడా ఇంతేనా?" అన్నారు పోస్ట్‌మాస్టరు గారు.

"రేపటికి ఇంకో తల చూడండి మాస్టారూ" అన్నాడు బాబాయి, కత్తెర ఆపకుండానే.

ఆయన బాబాయి పేజీ తీసి పైన రాసుకున్నారు: కత్తెర, దువ్వెన, గుడ్డ, స్టూలు. నిలబడే ఉన్న నన్ను చూసి, కింద ఇంకోటి చేర్చారు: అమ్మాయికి వేరే స్టూలు.