ఐరన్ లెగ్గు చూడని మ్యాచ్‌లు

మావయ్యగారు వానలో మ్యాచ్ కథ ఎత్తుకున్నారంటే ఇక ఆ గదిలో ఎవరి మాటా సాగదు. నీలిచొక్కాల జట్టు ప్లేఆఫ్ ఆడే ప్రతి సాయంత్రమూ, అసలు ఆట మొదలయ్యేలోపు, పాత ప్లేఆఫ్‌లన్నీ ఆ ఇంట్లో మరోసారి ఆడి తీరాల్సిందే. సోఫాలో మావయ్యగారు, ఆయన పక్కన కొడుకు, కుర్చీలో కోడలు. ఆ కోడలి తమ్ముడే లిఫ్టు మెకానిక్. అతను టీవీకి ఎదురుగా పీట వేసుకుని, ఈ పురాణం ఎప్పుడు ముగుస్తుందా అని పళ్ళు కొరుకుతున్నాడు.

"అంతా బురద. మనవాడు తన్నితే బంతి కదల్లేదు, బూటు ఊడి ఎగిరింది. వాళ్ళ గోల్‌కీపర్ గబుక్కున బూటు పట్టుకున్నాడు. ఈలోగా ఇంకోడొచ్చి బంతిని లోపలికి తోసేశాడు" అన్నారు మావయ్యగారు.

"బూటు కాదు నాన్నా, మేజోడు."

"బూటు ఊడకుండా మేజోడెలా ఊడుతుందిరా? కాస్త బుర్ర వాడు."

బావ మాట మార్చి, మెకానిక్ వైపు తిరిగాడు. "నువ్వు చూడాల్సిందిరా ఆ గోలు."

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. చూడనిచ్చిందెవరు? ఆ రోజు అతన్ని మెట్ల మీదికి పంపి తలుపు గడియ పెట్టింది ఈ మహానుభావుడే.

అసలు ఈ పీడ మొదలైన తీరు తలుచుకుంటే అతనికి ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, డ్యూటీ దిగి నేరుగా వచ్చి సోఫాలో కూలబడ్డాడు. అప్పటిదాకా గెలుస్తున్న జట్టు, మనవాడే మన గోల్లోకి బంతి కొట్టుకోవడంతో ఓడింది. మరుసటి ఏడూ అంతే. ఆ తర్వాతి ఏడాది మన జట్టు రెండు గోల్స్ వెనకబడి ఉండగా ఈ భవనంలోనే లిఫ్టు ఆగిపోయింది. లోపల ఎవరో చిక్కుకుని కేకలు పెడుతుంటే అతను సామాన్ల సంచీ తీసుకుని డాబా మీది మిషన్ గదికి పరిగెత్తాడు. చేతులకు గ్రీజుతో తిరిగొచ్చేసరికి జట్టు గెలిచి ఉంది, ఇంట్లో వాళ్ళు గంతులేస్తున్నారు. అతన్ని చూడగానే మావయ్యగారి ముఖంలో ఏదో వెలిగింది. ఆ వెలుగే అతని కొంప ముంచింది. ఆనాటి నుంచి అతను ఐరన్ లెగ్గు. ప్లేఆఫ్ అంటే అందరికీ సోఫా, అతనికి మెట్లు.

ఇవాళ ఫైనల్. తన జట్టు గెలవడం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కళ్ళారా చూడాలి. అతను కోరింది అంతే.

"నేను కదలను. ముందే చెప్తున్నా" అన్నాడు.

"ఎవరేమన్నారురా నిన్ను?" అంది అక్క. అంటూనే తలుపు వైపు చూసింది.

ఆట మొదలైంది. మెకానిక్ చూస్తుండగానే ఎర్రచొక్కాల వాళ్ళు గోలు కొట్టారు. గదిలో ఒక్కరూ అతని వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. ఆ మర్యాదే భరించలేకపోయాడు.

"ఏమీ అనుకోకు బాబూ. కాస్త గాలికి తిరిగొస్తావేమో" అన్నారు మావయ్యగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"పదకొండు మంది అక్కడ ఆడుతుంటే మధ్యలో నేనేం చేశాను మావయ్యా? లిఫ్టు ఆగిందంటే వైరు తెగో, బ్రేకు పట్టేసో ఉంటుంది. కింద ఎవరు నించున్నారని ఆగదు."

"మరి ఆ రోజు నువ్వు మిషన్ గదిలో ఉన్నప్పుడేగా గెలిచాం" అన్నాడు బావ.

మెకానిక్ మళ్ళీ చూపు టీవీ మీద పెట్టాడు. ఎర్రచొక్కా వాడు కొట్టిన బంతి స్తంభానికి తగిలి బయటికి పోయింది. హమ్మయ్య అనుకుని కిందికి చూసుకుంటే, తన పాదాలు రెండూ, నేలకు తగిలితే గోలు పడుతుందన్నట్టు, పైకి లేచి ఉన్నాయి. ఎప్పుడు ఎత్తాడో అతనికే తెలియదు. ఛీ అనుకుని విసురుగా లేచి, తలుపు దడాలున వేసి బయటికి వచ్చేశాడు.

ఒక అంతస్తు దిగేసరికి మెట్టు మీద ఒకాయన ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఈమధ్యే ఆ అంతస్తులో అద్దెకు దిగిన కళ్ళజోళ్ళ షాపాయన.

"మిమ్మల్నీ తరిమేశారా?" అన్నాడు మెకానిక్.

"నేను సోఫాలో కూర్చుంటే పెనాల్టీ పడుతుందట. మా అమ్మాయిల నమ్మకం. కుర్చీలో కూర్చుంటానన్నా వినరు."

"మీరెలా ఒప్పుకున్నారండీ?"

"ఒప్పుకోలేదు. పోయిన మ్యాచ్‌కి పోట్లాడాను, ఓడిపోయాను. జట్టు గెలిచింది. ఇంక ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?" అంటూ ఆయన ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు.

టీ సగంలో ఉండగా పైనుంచీ కిందనుంచీ ఒక్కసారే కేకలు లేచాయి. స్కోరు సమమైంది. షాపాయన కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. చాలాసేపటి తర్వాత మళ్ళీ కేకలు. ఈసారి గోడలు అదిరాయి. వెంటనే షాపాయన వాకిలి తెరుచుకుంది.

"నాన్నా, రండి. ఆధిక్యంలో ఉన్నాం. ఇంకాసేపట్లో అయిపోతుంది" అని పిలిచి, పెద్దమ్మాయి మళ్ళీ లోపలికి పరిగెత్తింది.

తలుపు బార్లా తెరిచే ఉంది. హాలు చివర ఇంత పెద్ద టీవీ. నీలిచొక్కాలు గోల్ ముందు గోడలా నిలబడ్డాయి. ఎర్రచొక్కా వాడొకడు బంతి కింద పెట్టి వెనక్కి అడుగులేస్తున్నాడు. ఇన్నేళ్ళుగా మెకానిక్ కోరుకున్నది పదడుగుల దూరంలో ఉంది. ఎవరూ వద్దనడం లేదు.

అతను లేచాడు. రెండంగల్లో వెళ్ళి ఆ తలుపు దగ్గరికి లాగి మూసేశాడు.

"అయ్యో, చూడొచ్చుగా" అన్నాడు షాపాయన.

"గెలుస్తున్నారు కదండీ. ఎందుకు మనకి" అన్నాడు మెకానిక్. ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు తననే నాలుగు పీకాలనిపించింది.

కాసేపటికి భవనమంతా ఈలలు, చప్పట్లు. షాపాయన అతన్ని కావలించుకుని ఇంట్లోకి ఉరికాడు. మెకానిక్ రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళేసరికి బావ గుమ్మంలోనే ఎదురొచ్చి భుజాలు పట్టి ఊపేశాడు. "ఏం మ్యాచ్‌రా. నువ్వు చూడాల్సింది."

"రారా, ఆ గోలు మళ్ళీ చూపిస్తున్నారు" అని అక్క లోపలినుంచి పిలిచింది.

సోఫాలోంచి మావయ్యగారు తల తిప్పకుండానే చెయ్యి ఎత్తారు. "బాబూ, కప్పు ఇంకా చేతికి రాలేదు. వచ్చాక లోపలికి వద్దువుగాని."

ఆయన చెప్పాల్సిన పనే లేదు. మెకానిక్ కాలు అప్పటికే గడప ఇవతల ఆగిపోయి ఉంది. ఆ కాలి మీద వచ్చినంత కోపం అతనికి ఇన్నేళ్ళలో బావ మీద కూడా రాలేదు.