తోక దగ్గరి సుడి

ఎద్దును కొనేటప్పుడు రాజమల్లు పళ్ళకంటే ముందు సుళ్ళు చూస్తాడు. బోధన్ అంగట్లో ఎద్దులు కొని అమ్మే అతనికి ముప్పై ఏళ్ళుగా అదే లెక్క. తోక మొదట్లో సుడి ఉన్న ఎద్దు ఇంటికి అచ్చిరాదని కొనేవాళ్ళ నమ్మకం. అలాంటిది తన చేతికే వస్తే, అక్కడి వెంట్రుకలు కత్తెరతో కురచ చేసి, ఆముదం రాసి, నున్నగా దువ్వి అమ్మేస్తాడు. అలా పోయిన ఎద్దు ఒక్కటీ తిరిగి రాలేదు.

కూతురు సుమన నిజామాబాద్‌లో మూతబడిన ఇంటర్నెట్ సెంటర్ తీసుకుని, పదహారు పాత కంప్యూటర్లను ఒకే తాడుకు కట్టినట్టు కలిపింది. విమానం చుట్టూ ఉండే గాలిని పదహారు ముక్కలు చేసి, ఒక్కో ముక్క లెక్క ఒక్కోదానికి అప్పజెప్పింది. తెర మీద విమానం ముక్కు కాస్త ఎత్తితే చాలు, గాలి దారాలు అప్పటికప్పుడు దారి మార్చుకుంటాయి. రెండేళ్ళ పని. ఆ రోజు పదకొండింటికి బెంగళూరు నుంచి విమానాల ల్యాబ్ మేడం వీడియోలో చూస్తుంది. నచ్చితే అక్కడే ఉద్యోగం. లేకపోతే మళ్ళీ అడగడానికి సుమన వయసు దాటిపోతుంది.

అన్నం డబ్బా తెచ్చిన రాజమల్లు తెర ముందు ఆగిపోయాడు.

“తోకకాడ సుడి ఉన్నది బిడ్డా.”

“గదే సమజైతలేదు బాపు. రెండు కంప్యూటర్ల ముక్కలు కలిసే జాగ అది. నిజంగ గాలే తిరుగుతుందో, నా లెక్కనే తప్పిందో.”

“నీకే తెల్వనిది కొనేటోళ్ళకు ఎందుకు సూపుడు? జర దువ్వెయ్యి.”

“విమానానికి గూడ ఆముదం రాస్తవా?” అని నవ్వింది సుమన.

నవ్విందే గానీ, గడియారం చూసి ఏదో నొక్కింది. గాలి నున్నబడింది. సుడి కనబడలేదు. రాజమల్లుకు కడుపు నిండినట్టయింది.

పదకొండింటికి వీడియోలోకి వచ్చిన మేడం తెలుగావిడే. అక్కణ్ణుంచే విమానం ముక్కు ఎత్తింది. ఇంకా ఎత్తింది. గాలి నున్నగానే పోతోంది.

“ఇంత ఎత్తితే గాలి రెక్కను వదిలి చెదిరిపోవాలి. తోక దగ్గర సుడి రావాలి. నేను చూడాలనుకున్నది అదే. ఏదమ్మా?”

“వచ్చింది మేడం. తప్పేమోనని నేనే నున్నగ చేసిన.”

“ఎవరు చెప్పారు అలా చేయమని?”

రాజమల్లు గోడకు ఆనుకున్నాడు. సుమన అటు చూడలేదు.

“ఎవరు చెప్పలె మేడం. నేనే చేసిన.”

“ఇంకా ఎక్కడెక్కడ దిద్దావో నాకెట్లా తెలియాలి?” ఆ గొంతులో కోపం కూడా లేదు. కాసేపటికి వీడియో ఆగిపోయింది.

సుమన దిద్దుబాటు తీసేసింది. తోక దగ్గర సుడి మళ్ళీ లేచి తిరగసాగింది.

“అంటే గది నిజమేనా?”

“నిజమే బాపు. లెక్క తప్పలే.”

రాజమల్లు లోపలే లెక్క కూడుకున్నాడు. మాట తనది, కత్తెర తనది. పోయింది మాత్రం బిడ్డది. ఇన్నేళ్ళలో తిరిగి రాని ఎద్దులన్నీ ఒక్కసారే వచ్చి వాకిట్లో నిలబడ్డట్టనిపించింది.

“అన్నం తిను బిడ్డా.”

సుమన వంగి మొదటి కంప్యూటర్ వైరు పీకింది. ఒకటి ఆగితే మిగతా పదిహేనూ దానికోసం చూస్తూ ఆగిపోతాయి. తెర మీద సుడి తిరుగుతున్నదల్లా అట్లాగే నిలిచిపోయింది. ఇక అవసరం లేకపోయినా ఆమె రెండోదాని వైరు పీకింది. తర్వాత మూడోది.