కోర్బీనియన్‌కు దొరికిన మంచి వేసవి

మా ఊరి చర్చిలో ఆర్గన్ వాయించే కోర్బీనియన్‌కు పెద్దపేగు నిండా పుండ్లు. ఫాదర్ ప్రసంగం సగంలో ఉండగానే పొట్ట పట్టుకుని ఆర్గన్ ఉన్న మేడ మెట్లు దిగి మరుగుదొడ్డికి పరుగెత్తేవాడు. రక్తం పోయి పోయి మనిషి పాలిపోయాడు. మందులు ఒక్కొక్కటే పనిచేయడం మానేశాయి. చివరికి ఇంజెక్షన్లు మొదలుపెట్టిన డాక్టర్, ఇవి కూడా పనిచేయకపోతే పేగు తీసేయాల్సిందేనన్నాడు.

ఆ భయంతోనే అతడు ప్రకృతి వైద్యం చేసే ఇర్మెలా దగ్గరికి వెళ్ళాడు.

"డాక్టరమ్మా, నా పేగు నాకు మిగల్చండి."

"డాక్టరనకండి, నాకా డిగ్రీ లేదు, పోలీసులొస్తారు" అని నవ్వింది ఇర్మెలా. "ఇంజెక్షన్లు మాత్రం ఆపకూడదు. వాటితో పాటే నేను చేయగలిగింది చేస్తాను."

ఓట్స్ గంజి, మెత్తగా ఉడికించిన క్యారెట్, బోళం అనే చెట్టుబంక కలిపిన మాత్రలు. వారానికి రెండుసార్లు వేడినీళ్ళలో పిండిన గుడ్డ పొట్టమీద పరిచి, పక్కనే కూర్చునేది. అతడు కళ్ళు మూసుకుని పడుకునేవాడు. భార్య విడిచి వెళ్ళాక అతణ్ణి అంత మెల్లగా తాకినవాళ్ళు లేరు.

మా దగ్గర జూన్లో మొదలయ్యే వేసవిలో రక్తం ఆగింది. ఆగస్టులో మరియమ్మ పండుగనాడు, ఆడవాళ్ళు మూలికల కట్టలు పట్టుకుని దీవెనకు నిలబడినప్పుడు, అతడు ఒక్కసారి కూడా లేవకుండా పూజంతా వాయించాడు. కింద నిలబడి విన్న ఇర్మెలాకు కళ్ళు చెమర్చాయి.

అక్టోబరులో ఒకరోజు గుడ్డ పరచబోయి ఆమె ఆగిపోయింది. పొట్ట ఉబ్బి రాయిలా ఉంది. ఒళ్ళు కాలిపోతోంది.

"ఇంజెక్షన్లు వేయించుకుంటున్నారా?"

అతడు గోడవైపు తిరిగాడు. "జూలైలోనే మానేశా. మీ చేతులు చాలనుకున్నా."

ఇర్మెలా గుడ్డ పక్కన పడేసింది. అంబులెన్సుకు ఫోన్ చేసింది.

ఆ సాయంత్రమే పేగు తీసేశారు. అప్పటికే దానికి చిల్లు పడింది. ప్రాణం దక్కింది కానీ చీము పట్టిన గాయం క్రిస్మస్ దాటినా మానలేదు. చూడటానికి వెళ్ళిన ఇర్మెలాకు అతడు దుప్పటి తొలగించి మలం చేరడానికి పొట్టకు అంటించిన సంచి చూపించాడు.

"ఇక మీకు నాతో పనేముంది? పేగే లేదుగా."

"ఊరికే కూర్చుంటాను."

"వద్దులెండి. మీరు కూర్చుంటే ఆ వేసవి గుర్తొస్తుంది."

ఆమె వచ్చేసింది. ఫిబ్రవరిలో అతడి అక్క వచ్చి తానుండే బ్రెమెన్‌కు తీసుకుపోయింది. ఇక్కడి ఆర్గన్‌ను ఇప్పుడు ఒక బడిపంతులు వాయిస్తున్నాడు.

మొన్న ఇర్మెలాకు ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. అదే జబ్బు.

"మందులు వాడుతున్నావా అమ్మా?" అని అడిగింది ఇర్మెలా.

"వాడుతున్నానండీ. మానేద్దామనే మీకు ఫోన్ చేశా."

ఇర్మెలా చూపు, పొట్టమీద పరిచే ఆ గుడ్డమీద ఆగిపోయింది. అవతల ఆ అమ్మాయి "వినిపిస్తోందా అండీ?" అని అడుగుతూనే ఉంది.