పై బల్ల మీది తీర్మానం

ఫిన్లాండులోని మా ఊరు ఔలులో ముఖ్యమైన మాట ఏదైనా ఒంటి మీద బట్టల్లేకుండానే తేలుతుంది. ఆఫీసులో కాగితాలు కదులుతాయి, అంతే. అసలు నిర్ణయం సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, జరుగుతుంది. కాలే రాళ్ళ మీద నీళ్ళు చల్లి, ఆవిరి కమ్ముకున్నాక, పై బల్ల మీద చెమటోడుస్తూ కూర్చుని తేల్చుకోవాలి. అక్కడ గొంతు పెంచకూడదు, వాదులాడకూడదు. కాదని ఎవరూ అనకపోతే అందరూ ఔనన్నట్టే. ఈ మర్యాదంటే నాకు ఒకప్పుడు గొప్ప గర్వం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మేం నలుగురం. అందరమూ మా ఊరి ఫోన్ల కంపెనీలో ఉద్యోగాలు పోగొట్టుకుని, ఫోన్లలో ఆడే ఆటల కంపెనీ పెట్టుకున్నవాళ్ళమే. రౌనో అక్కడా మేనేజరే, ఇక్కడా మేనేజరే. కంపెనీ కూలినా కుర్చీ మాత్రం వదల్లేదు మహానుభావుడు. యార్మో ప్రోగ్రాములు రాస్తాడు. నా పేరు ఎస్కో. పద్దెనిమిదేళ్ళపాటు కొత్త ఫోన్లను నేల మీద పడేసి, పగిలాయో లేదో చూసి రాసుకోవడం నా పని. ఇక్కడ ఆటలో తప్పులు పట్టడం నా పని. నాలుగో మనిషి హిల్కా. ఆట ఆమెది.

ఆట అంటే తారు పడవ. హిల్కా ముత్తాతలు మా నది మీద పొడుగాటి పడవల్లో తారు పీపాలు దింపేవాళ్ళు. ఆ ఉరవళ్ళూ సుళ్ళూ ఇప్పుడు లేవు, కరెంటు కోసం కట్టిన ఆనకట్టల కింద మునిగిపోయాయి. వాటిని హిల్కా రెండేళ్ళు కూర్చుని మళ్ళీ గీసింది. పడవ ముందు ఒక మనిషి కూర్చుంటాడు. రాయి కనబడగానే వాడి మీద వేలు పెడితే వాడు అరుస్తాడు, వెనకవాడు చుక్కాని తిప్పుతాడు. అరవడం ఒక్క క్షణం ఆలస్యమైతే పడవ ముక్కలే. ఆ కేక కోసం హిల్కా నది ఎగువనున్న తన సొంతూరు వాలాకి వెళ్ళి, తొంభై ఏళ్ళ ముసలాయన చేత అరిపించి రికార్డు చేసుకొచ్చింది.

ఆట సిద్ధమయ్యేసరికి రెండు వేల పద్నాలుగు మార్చి. ముందు ఐఫోన్‌లో విడుదల చెయ్యాలా, ఆండ్రాయిడ్‌లోనా? రెంటికీ ఒకేసారి రాయడానికి యార్మోకి ఉన్నవి రెండు చేతులే.

"ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు రౌనో. "ఐఫోన్ అంటే రెండే సైజులు. ఆండ్రాయిడ్ అంటే ఎన్ని సైజులో చేసినవాళ్ళకే తెలీదు. ఐఫోన్ వాడేవాడు ఆటకి డబ్బు పెడతాడు. పత్రికల్లో రాసేవాళ్ళ జేబుల్లో ఉండేది కూడా అదే. మొన్న హెల్సింకి నుంచి పెట్టుబడి పెడతానని వచ్చినాయన ఏమడిగాడు? 'ఐఫోన్లో ఎప్పుడు?' అన్నాడు. రెండో ప్రశ్న అడిగాడా?"

"ఆయన అడగలేదు గానీ మా వాలాలో అందరూ అడుగుతున్నారు," అంది హిల్కా. "వాళ్ళ దగ్గరున్నవి చవక ఆండ్రాయిడ్లు. నది వాళ్ళది, కేక వాళ్ళది, ఆడటానికి మాత్రం వాళ్ళు పనికిరారా?"

"వాలాలో ఎంతమంది ఉంటారే? మూడు వేలా?"

"వాలా సంగతి వదిలెయ్. లోకంలో ఐఫోన్ లేనోళ్ళే ఎక్కువ. వాళ్ళకి మనం ఇవ్వకపోతే ఇంకెవడో ఇస్తాడు. మన ఆట చూసి, మన పడవే, వాడి పేరు మీద."

నవ్వొచ్చే సంగతేమిటంటే మా నలుగురిలో ఒక్కరి దగ్గరా ఐఫోన్ లేదు. మా కంపెనీని ముంచిన ఫోన్లన్న కోపంతో అందరం పాత కంపెనీ ఫోన్లే మోస్తున్నాం. పరీక్షకని కొన్న ఒక్కగానొక్క ఐఫోన్‌ని నా సొరుగులో పెట్టి తాళం వేసేవాళ్ళం. దాన్ని 'శత్రువు' అని పిలిచేవాళ్ళం. శత్రువు ఇంటికే ముందు పెళ్ళివిందు పంపుదామన్నాడు రౌనో.

ఆ శనివారం రౌనో వేసవి ఇంట్లో సౌనా. మా దగ్గర ఆడవాళ్ళ వంతు ముందు, మగవాళ్ళ వంతు తర్వాత. హిల్కా ఒక్కతే గనక ఒక్కతే వెళ్ళి ఒక్కతే బయటికొచ్చింది. తడి జుట్టు తువ్వాల్లో చుట్టుకుని, మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"ఎస్కో, రౌనో ఆ మాట లోపలే ఎత్తుతాడు. నేనక్కడ ఉండను. నా తరఫున నువ్వు చెప్పాలి. రెండూ కలిపి విడుదల చేద్దాం, ఐఫోన్ది ఆర్నెల్లు ఆగినా ఫరవాలేదు అను. ముగ్గుర్లో ఒక్కడు కాదంటే చాలు, రౌనో మళ్ళీ ఆఫీసులో మాట్లాడాల్సిందే."

"చెప్తాలే," అన్నాను. "నువ్వెళ్ళి సాసేజీలు కాల్చు."

చెప్పాలనే లోపలికెళ్ళాను. అబద్ధం కాదు. పై బల్ల మీద రౌనో, మధ్యలో యార్మో, ఈ పక్కన నేను. గరిటెడు నీళ్ళు పడ్డాయి. రాళ్ళు బుస్సుమన్నాయి.

"ఐఫోనే ముందు," అన్నాడు రౌనో. "ఆండ్రాయిడ్ తర్వాత చూద్దాం. ఏమంటార్రా?"

"నాకదే మేలు," అన్నాడు యార్మో. "ఒక్కణ్ణే చస్తున్నా."

"ఎస్కో?"

నిజం చెప్పేస్తాను. ఆ క్షణంలో నాకు హిల్కా గుర్తు రాలేదు, నా బల్ల గుర్తొచ్చింది. ఆండ్రాయిడ్ అంటే దాని మీద అరవై ఫోన్లు, ఒక్కోదానికి ఒక్కో సైజు, ఒక్కో రోగం. ఒకదాంట్లో పడవ కనబడదు, ఇంకోదాంట్లో కేక వినబడదు. ఆ చాకిరీ అంతా నా ఒక్కడి నెత్తినే. వేసవి మొత్తం పోతుంది. ఐఫోన్ అయితే ఒక్క శత్రువుతో సరి. ఒళ్ళు దాచుకోవాలనిపించింది. దానికి తోడు, సౌనాలో గొడవేమిటని మర్యాద ఒకటి దొరికింది అడ్డం పెట్టుకోవడానికి.

"ఇంకాస్త నీళ్ళు పొయ్యి," అన్నాను.

రౌనో పోశాడు. తీర్మానం అయిపోయింది.

బయటికొస్తే సాసేజీలు బొగ్గులైపోయి ఉన్నాయి. హిల్కా చేతిలో ఏ వంటా మాడటం అంతకుముందు చూడలేదు.

"చెప్పావా?" అంది.

"చెప్పాను. వినలేదు."

ఆమె నా కళ్ళలోకి కాసేపు చూసి, ఉన్నవాటిల్లో కాస్త నయంగా ఉన్నదాన్ని నా పళ్ళెంలో వేసింది.

మేలో ఐఫోన్‌లో విడుదలైంది. పత్రికలు మెచ్చుకున్నాయి. హెల్సింకి ఆయన షాంపేన్ పంపాడు. ఐదో వారంలో ఆండ్రాయిడ్‌లో ఇంకో ఆట దిగింది. పడవకి బదులు తొట్టి, పడవ మనిషికి బదులు పిల్లి. రాయి కనబడగానే పిల్లి మీద వేలు పెడితే మ్యావ్ మంటుంది, తొట్టి పక్కకి తిరుగుతుంది. సుళ్ళు మాత్రం హిల్కావే, రాయికి రాయి సరిగ్గా అక్కడే ఉంది. ఎవడు చేశాడో, ఏ దేశంలో కూర్చుని చేశాడో తెలియలేదు. నెల తిరిగేసరికి మా వీధి బడిపిల్లలందరూ మ్యావ్ మంటున్నారు.

హిల్కా ఏడవలేదు, అరవలేదు. మధ్యాహ్నం కాఫీ దగ్గర మాత్రం అప్పుడప్పుడు అనేది, అందరూ వింటుండగా.

"ఏదేమైనా ఎస్కో ఒక్కడే ఆ రోజు నా తరఫున మాట్లాడాడు. పాపం, ఇద్దరి ముందు ఒక్కడేం చేస్తాడు?"

రౌనో కప్పులోకి చూసేవాడు. యార్మో కిటికీలోంచి చూసేవాడు. మర్యాదస్తులు, నా గుట్టు బయటపెట్టలేదు. నేను యాలకుల బన్ను తుంచి కాఫీలో ముంచుకునేవాణ్ణి.

డిసెంబరులో మా తారు పడవ ఆండ్రాయిడ్‌కి చేరింది. తప్పించుకున్నాననుకున్న అరవై ఫోన్ల చాకిరీ ఎలాగూ తప్పలేదు. మొదటి రోజు వచ్చిన మొదటి అభిప్రాయం ఇది: "పిల్లి ఆటకి చెత్త కాపీ. సొంతంగా ఏదన్నా ఆలోచించడం చేతకాదా? ఒక్క నక్షత్రం." రెండోదీ అలాంటిదే. మూడోది వాలా నుంచి. ఎవరో పిల్లాడు రాశాడు: "మా నది మీద కాపీ ఆట చేశారు, సిగ్గుండాలి."

హిల్కా అది రెండుసార్లు చదివి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. జనవరి ఆఖరికి మానేస్తానంది. వాలా లైబ్రరీలో ఉద్యోగం చూసుకుంది.

ఆఖరి రోజు కేకు కోసుకుని తిన్నాం. రౌనో ఏదో మాట్లాడాడు. అందరూ లేచాక ఆమె గీతల పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతుంటే సాయం పట్టాను.

"ఎస్కో," అంది తలెత్తకుండానే, "రౌనో సౌనా గోడ మందం ఎంతో తెలుసా?"

తెలియదన్నాను.

"ఒక్క చెక్క. ఆ రోజు ఉప్పు డబ్బా కోసం సౌనా ముందు గదిలోకి వచ్చాను. 'ఎస్కో?' అని రౌనో అడగడం వినబడింది. చెప్తావు కదా, విని పోదామని నిలబడ్డాను."

పుస్తకం నా చేతుల్లోనే ఉండిపోయింది.

"ఇంకాస్త నీళ్ళు పొయ్యి, అన్నావు."

"మరి... ఇన్నాళ్ళూ అందరి ముందూ నన్ను..."

"నువ్వే చెప్తావేమోనని. 'లేదు హిల్కా, నేను మాట్లాడలేదు' అని. పది నెలలు చూశాను." పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు ఒప్పుకున్నా ఆట తిరిగి రాదులే. ఉండిపోయేదాన్నేమో, అంతే."

అట్టపెట్టె మోసుకుంటూ మెట్లు దిగింది. నేను తలుపు కూడా పట్టుకోలేదు.

కుర్చీలో కూలబడి కంప్యూటరు తెరిచాను. అభిప్రాయాలకి జవాబులు రాయడం కూడా నా పనే. వాలా పిల్లాడిది పైనే ఉంది. కింద గడిలో రాశాను: "ఈ ఆట మీ ఊరి హిల్కాది. పిల్లి కంటే ముందు ఆమే గీసింది. ఆలస్యం మా వల్ల జరిగింది, నా వల్ల జరిగింది."

రౌనో నా వెనక్కి వచ్చి నిలబడి, భుజం మీదుగా చదివాడు.

"ఆడేవాళ్ళతో వాదన ఎందుకురా, ఎస్కో? బాగుండదు," అన్నాడు మెల్లగా.

రాసిందంతా చెరిపేసి, "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని పంపాను.