ల్యాబుకు పోయే గింజలు

ఆ ఏడాది వేరుశనగ కోతల్లో వాన పట్టుకుంది. తడిసిన కాయకు బూజు పట్టింది, బూజుతో పాటు కాలేయాన్ని తినేసే విషమూ పుట్టింది. విరుదునగర్‌లో ఉష పనిచేసే ల్యాబుకు ఏ వ్యాపారి గింజలు వచ్చినా విషం అంకె హద్దు దాటుతూనే ఉంది. ఒక్క కోవిల్‌పట్టి కంపెనీ గింజలు మాత్రం కడిగిన ముత్యాలు. మనం పల్లీపట్టీ అనేదాన్ని కడలైమిట్టాయి పేరుతో ఊరూరికీ పంపే కంపెనీ అది.

పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్న ఉషకు నమ్మబుద్ధి కాలేదు. "వాన వీళ్ల మూటల్ని చూసి తప్పుకుందా సార్? మనమే పోయి గోడౌన్లో శాంపిలు తీసుకుందాం," అంది.

యజమాని రామానుజం ల్యాబులో అరవమే మాట్లాడతాడు. బుజ్జగించాలంటే మాత్రం ఇంటి తెలుగు బయటికి తీస్తాడు. "వచ్చిందాన్ని చూసేదే మన పని పాపా. అందిన శాంపిలు వరకే అని రిపోర్టు కింద రాస్తా ఉండాము గదా. దాంట్లో అబద్దం యాడుంది?"

నిజమే, అబద్ధం ఎక్కడా లేదు. ఉషకు విసుగు పుట్టించేదీ అదే. రిపోర్టు మీద సంతకం పెట్టేసి, అమ్మ ఉండే కోవిల్‌పట్టికి బస్సెక్కింది.

ఆమె తల్లి బొమ్మక్క ఆ కంపెనీలోనే ఇరవై ఏళ్లుగా గింజలు ఏరుతోంది. అన్నం వడ్డిస్తూ గొప్పగా అడిగింది. "ఈ తూరి గింజలెట్లుండె? రెండు నాళ్లు కూర్చోని నేనే ఏరితిని. నీ చేతికి పోయే రెండు కిలోలు గదా. పుచ్చుది ఒకటి పోయిందంటే నలుగురు నవ్వరా?"

ఉష అన్నం కలపడం ఆపింది. "మిగతా మూటలకో?"

"వాటికి రాయీ పుల్లా తీసి పోస్తాము. అన్నీ అట్ల ఏరను మాకేమి వెయ్యి చేతులుండాయా?"

తల్లి ముద్దుకొద్దీ చేసిన పనికి కోప్పడలేక, ఊరుకోనూ లేక, ఉష నెమ్మదిగా చెప్పింది. ఆ రెండు కిలోలు నాలుగు వందల మూటల తరఫున మాట్లాడాలని, వాటిని నమ్మి మిగతావన్నీ జనం తింటారని.

బొమ్మక్క ముఖం మాడిపోయింది. "అట్లయితే ఇన్నాళ్లు నీ చేత అబద్దం రాయించింది నేనా?"

"నువ్వేమీ చెయ్యొద్దమ్మా. పని పోతుంది."

రామానుజంతోనూ ఉష ఏమీ అనలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. చెబితే ముందు పోయేది అమ్మ పనే.

మరుసటి నెల సీలు వేసిన సంచీ వచ్చింది. ఉష విప్పి చూసింది. ముడతలు పడ్డవి, ముక్కు నల్లబడ్డవి, అన్నీ కలిసే ఉన్నాయి. మూటలో చెయ్యి పెట్టి దోసిట్లోకి వచ్చినవి వచ్చినట్టే నింపింది అమ్మ. ఉష మూడుసార్లు పరీక్షించింది. మూడుసార్లూ హద్దుకు మూడింతలు.

"ఏదో పొరపాటు పాపా. దీన్ని పక్కన పెట్టు, ఇంకోటి పంపమందాము," అన్నాడు రామానుజం. అతని గొంతులో కోపం కూడా లేదు, ఉన్నదంతా అలసటే.

పక్కన పెడితే అమ్మ పని పోదు. ఉష రిపోర్టు కాగితం ముందుకు లాక్కుంది. అమ్మ దాచనిదాన్ని దాచడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఉన్న అంకె ఉన్నట్టే రాసి సంతకం పెట్టింది.

ఆ వారమే బొమ్మక్కను ఇక రావద్దన్నారు. కంపెనీ శాంపిలు మదురైలో ఇంకో ల్యాబుకు పోయింది. అక్కడ విషం జాడే లేదని రిపోర్టు వచ్చిందన్న కబురు నెల తిరక్కముందే ఉష చెవిన పడింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పింది.

బొమ్మక్క ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది.

"పెరియనాయగి ఏరింటుంది. నా పక్కనే కూర్చునేది," అంది. "దానికీ కన్ను మంచిదే."